పిడికెడు బియ్యం డబ్బా

కృపాబాయి కోపం రూవి ఆస్పత్రిలో అందరికీ తెలిసిందే. సూది చూసి మొహం తిప్పుకున్న మగవాళ్ళను "మూతి మీద మీసాలెందుకయ్యా మరి" అని కసిరేది. ఆ కసురు వెనకాలే వేడిపాల గ్లాసు కూడా వచ్చేది కాబట్టి ఎవరూ బాధపడేవారు కాదు. ఊరు రేపల్లె దగ్గర. నర్సుగా మస్కట్ వచ్చి, ఈ రూవి పేటలో చేరి అప్పటికి చాలా ఏళ్ళయింది. వస్తూ వస్తూ తనతోపాటు తెచ్చిన అలవాట్లలో పిడికెడు బియ్యం ఒకటి.

కోస్తా చర్చిల్లో ఆడవాళ్ళకు ఇది అమ్మమ్మల నాటి నుంచీ ఉన్నదే. వండే ప్రతిసారీ, బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తారు. ఆరాధన రోజున అందరి డబ్బాలూ ఒకచోట కుమ్మరించి, లేనివాళ్ళకు పంచుతారు. రూవిలో తెలుగు ఆరాధన శుక్రవారం, సెలవు రోజు కనక. అక్కడి నర్సులందరి వంటిళ్ళలోనూ పొయ్యి పక్కన ఓ పాలపొడి డబ్బా పెట్టించింది కృపాబాయే. చిక్కల్లా ఏమిటంటే ఒకరు బాస్మతి తెచ్చేవారు, ఒకరు సోనామసూరి, పక్కింటి మలయాళీ ఆవిడ ఎర్ర ఉప్పుడు బియ్యం. అన్నీ ఒకే డ్రమ్ములో పడేవి. ఒకటి ఉడికేసరికి ఇంకోటి జావయ్యేది.

"ఇది బియ్యం కాదక్కా, రూవి బస్టాండు. అన్ని దేశాలవాళ్ళూ ఉన్నారు" అనేవాడు నెహెమ్యా. ఆస్పత్రి వ్యాను నడిపే కుర్రాడు, మూటలు మోసేదీ అతనే.

తొంభై మూడు ఎండాకాలంలో ఒకరోజు గంగాప్రసాద్ అనే కూలీని ఆస్పత్రికి మోసుకొచ్చారు. కళ్ళు తిరిగి పడిపోయాడట. వెంట వచ్చినవాడు ఇస్తారి, నిజామాబాద్ వైపు మేస్త్రీ. గ్లూకోజ్ ఎక్కిస్తూ కృపాబాయి పొద్దున ఏం తిన్నాడని అడిగింది. "చాయ్" అన్నాడు ఇస్తారి. నిన్నో అంటే, నిన్న కూడా చాయే. కూపీ లాగితే సంగతి బయటపడింది. కంపెనీ మూతపడింది. అర్బాబ్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పత్తా లేడు. పాస్‌పోర్టులు అతని దగ్గరే ఉన్నాయి. మస్కట్ శివారు సీబ్ అవతల రేకుల గదిలో వీళ్ళ ఊళ్ళవాళ్ళు కొందరు టికెట్ల కోసం ఎదురుచూస్తూ పడున్నారు.

ఆ శుక్రవారమే ఆమె నెహెమ్యాను వెంటబెట్టుకుని బియ్యం బస్తాతో సీబ్ వెళ్ళింది. గదిలో మనుషులంతా లేచి నిలబడ్డారు. ఒకరిద్దరు ఆమె చేతిలో బైబిలేమైనా ఉందా అని చూశారు. లేదు. ఇస్తారి మాత్రం గడప దగ్గరే ఆపేశాడు.

"సిస్టరమ్మా, నీ మనసు దొడ్డది. గానీ మేం పనికొచ్చినోళ్ళం, అడుక్కతినొచ్చినోళ్ళం గాదు. వాపస్ తీస్కపోండ్రి."

"ఆకలితో పడిపోయింది మీవాడే కదయ్యా. ఇందులో నామోషీ ఏముంది?"

"ఒక్కపారి చెయ్యి చాపితే మల్ల ముడుసుకోదమ్మా. బీచిల వలలు గుంజెటోళ్ళు గిన్ని చేపలిస్తున్రు. పని జేసి తింటున్నం."

గదిలో మిగతావాళ్ళ చూపులు బస్తా మీదే ఉన్నాయి. అయినా మేస్త్రీ మాట కాదని ఎవరూ ముందుకు రాలేదు. బస్తా మళ్ళీ వ్యానెక్కింది. దారి పొడుగునా కృపాబాయి తిడుతూనే ఉంది. మొండిఘటం అంది, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం అంది. నెహెమ్యా ఊఁ కొడుతూ నడిపాడు. ఆమెకు నిజంగా ఉన్నది కోపం కాదు, భయం. ఆ గంగాప్రసాద్ మళ్ళీ పడితే లేస్తాడన్న నమ్మకం లేదు.

ఇంటికొచ్చి ఎసరు పెట్టింది. బియ్యం కొలిచి, ఆలోచన ఎక్కడో ఉండగా, చెయ్యి దానంతటదే ఓ పిడికెడు తీసి డబ్బాలో వేసింది. అప్పుడు గుర్తొచ్చింది అమ్మ.

నాన్న జ్వరంతో పోయాక వాళ్ళిల్లు గడిచింది చర్చివాళ్ళ పిడికెడు బియ్యంతోనే. ఆ వచ్చిన కాసిని గింజల్లోంచే అమ్మ మళ్ళీ ఓ పిడికెడు తీసి ముంతలో వేసేది. చిన్న కృపకు ఒళ్ళు మండేది. "మనకిచ్చిందే చాలట్లేదు, మళ్ళీ వాళ్ళకెందుకే?" అంటే, అమ్మ పొయ్యి ఊదుతూ, "పెట్టేవాళ్ళ వరసలో మనమూ ఓ చివర నిలబడాలి కదే. లేకపోతే మెతుకు గొంతు దిగదు" అనేది. ఆ అమ్మ కిందటేడు పోయింది. సెలవు దొరకలేదు, కృపాబాయి వెళ్ళలేదు. ఏడవడానికి కూడా తీరిక లేనట్టు డ్యూటీలు చేసుకుంటూ పోయింది.

మర్నాడు డ్యూటీ దిగగానే అదే బస్తా, దాని మీద ఒక ఖాళీ పాలపొడి డబ్బా పెట్టుకుని సీబ్ వెళ్ళింది. ఇస్తారి మళ్ళీ గడప దగ్గరే నిలబడ్డాడు.

"నేను బియ్యం ఇవ్వడానికి రాలేదు, ఈ డబ్బా ఇవ్వడానికొచ్చాను" అంది. "వండినప్పుడల్లా ఇందులో ఓ పిడికెడు వెయ్యాలి. శుక్రవారం పట్టుకుపోతా. సహం ఊళ్ళో మీలాగే చిక్కుకున్నవాళ్ళున్నారు, వాళ్ళకి కావాలి."

"ఉట్టి చేతులోళ్ళం, ఏడికెల్లి ఏస్తమమ్మా?"

"ఈ బస్తాలోంచే వెయ్యి. మా అమ్మ అలాగే వేసేది. మేము తిన్నదీ ఈ బియ్యమే."

 ఇస్తారి డబ్బా అందుకుని లోపలికి తొంగిచూశాడు.

"పెద్ద పిడికెడా, చిన్న పిడికెడా?"

"ఎవరి చెయ్యి వాళ్ళది."

బస్తా తనే భుజాన వేసుకుని లోపలికి నడిచాడు. గంగాప్రసాద్ అప్పటికే గిన్నె కడుగుతున్నాడు.

మేస్త్రీ చెయ్యి, పార పట్టిన చెయ్యి. శుక్రవారం రాకముందే డబ్బా నిండేది. టికెట్లు వచ్చేదాకా ఒక్క వారం కూడా వెలితి పడలేదు. "మన బియ్యం మనకే వస్తున్నాయిగా, ఇదేం వరసమ్మా" అని సంఘంలో ఒకావిడ నవ్వితే, కృపాబాయి చూసిన చూపుకి ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఊరికి వెళ్ళే రోజున ఇస్తారి ఎయిర్‌పోర్టుకు పోకుండా ముందు రూవి వచ్చాడు, డబ్బా ఇచ్చిపోదామని. నిండుగా ఉంది. "ఆఖరిది. సహమోళ్ళకు గాదు సిస్టరమ్మా, ఇది నువ్వే వండుకో. ఒక్కపారి మా చేతిది తిను" అన్నాడు.

వద్దనబోయి, ఆమె నోరు మూసుకుంది. రెండు చేతులూ చాపి అందుకుంది.

ఆ పూట అన్నం సగం జావ, సగం పలుకు. కృపాబాయి మెతుకు వదలకుండా తింది. తింటూ తింటూ, అమ్మ పోయిన ఇన్నాళ్ళకు, కంచం ముందు కూర్చుని కరువుతీరా ఏడ్చింది.