రాతి పావురం ముందు

హెర్న్‌డన్‌లో మా ఇంటి వెనక నడక దారి పక్కన ఒక పాత చర్చి ఉంది. నాకు ఆరో నెల. రోజూ నడవమని డాక్టర్ చెప్పింది. మొన్న సాయంత్రం నాలుగేళ్ల మా అమ్మాయి చెయ్యి విడిపించుకుని చర్చి పక్క గడ్డిలోకి పరుగెత్తింది. నేను చేరేసరికి మోకాలెత్తు రాయి ముందు చెప్పులు విప్పి, కళ్లు మూసుకుని దణ్ణం పెడుతోంది. బిస్కెట్లు కూడా పెట్టింది. రాయి మీద తల కిందికి పెట్టి దిగుతున్నట్టు చెక్కిన పావురం, ముక్కు అరిగిపోయి ఉంది.

"అమ్మా, ఈ బర్డ్ ఏ గాడ్?"

కింద అక్షరాలు చదివాను. రెండేళ్ల మూడు నెలల పాప సమాధి. ఆకులు ఊడుస్తున్న పెద్దావిడ, పిల్లల సమాధుల మీద పావురం చెక్కడం ఒకప్పటి అలవాటని చెప్పింది. పైకెగిరేది బిడ్డ ప్రాణమట. కిందికి దిగేది తీసుకెళ్లడానికి వచ్చినదట. "అందరూ అలాగే చెప్పరులెండి," అని నవ్వింది కూడా. నేను మాత్రం అమ్మాయి చెయ్యి పట్టుకుని గబగబా ఇంటిదారి పట్టాను.

పురిటికి సాయం వచ్చిన అమ్మ, మనవరాలు చెప్పిన పావురం సంగతి విని మమ్మల్ని గరాజ్‌లోనే ఆపేసింది.

"కడుపుతో ఉండి శ్మశానంలోకి ఎలా వెళ్లావే?"

"పార్క్‌లా ఉందమ్మా."

"పార్కులో సమాధులుంటాయా? ఇంత చదువూ చదివి! ముందు తలస్నానం చెయ్యి."

చేశాను. నమ్మి కాదు, చెయ్యకుండా ఉండే ధైర్యం లేక.

నా జుట్టు తుడుస్తూ, "వాళ్లు సమాధి మీద పేరు కూడా రాస్తారా?" అని అడిగింది అమ్మ. రాస్తారన్నాను. అప్పుడు చెప్పింది. నాకంటే ముందు ఒక పాప పుట్టి పదకొండు రోజులు బతికిందట. మగవాళ్లు తీసుకెళ్లి పూడ్చి వచ్చారట. గుర్తు పెట్టలేదు, చోటు ఎక్కడో అమ్మకు చెప్పలేదు. తలుచుకుంటే తర్వాతి బిడ్డకు మంచిది కాదన్నారట. ఆ తర్వాతి బిడ్డ నేనే.

మర్నాడు అమ్మాయిని డేకేర్‌లో దించి వస్తుంటే, "ఆ పిట్ట ఎక్కడుందో చూపించు," అంది అమ్మ.

"నిన్న నన్ను తిట్టావుగా?"

"నిన్ను దిగమన్నానా? కార్‌లోనే కూర్చో."

కూర్చున్నాను. అమ్మ రాయి ముందు వంగి ఏదో మాట్లాడుతోంది. ఇక్కడికి వినపడదు. అమ్మ ఇన్నేళ్లు తన పాపను తలుచుకోలేదు కాబట్టే నేను బతికానా? ఇప్పుడు తలుచుకుంటే నా కడుపులోని బిడ్డకేమైనా అవుతుందా? ఇలాంటివి నేను నమ్మను కదా? పిలుద్దామని హారన్ మీద చెయ్యి పెట్టాను. అమ్మ కొంగుతో ఆ రాయి తుడవడం మొదలుపెట్టింది. నొక్కలేకపోయాను. చెయ్యీ తియ్యలేదు.