బురుల్చా దండెం

నరీన్ లోయలో వాతావరణ కేంద్రం ఉద్యోగి బురుల్చా ముక్కు చలికాలమంతా ఎర్రగానే ఉంటుంది. ఎవరితో మాట్లాడుతున్నా తలగుడ్డను ఒక చెవి మీంచి పక్కకు లాగి గాలిని వింటుంది. రోజూ పొద్దున్నే రేడియోలో వాతావరణం చదువుతుంది. ఆ మాట వీధిలో ఎవరూ పట్టించుకోరు. రేడియోలో పైవాళ్ళు చదవమన్నదే చదువుతుందనీ, సొంత బొంతల దగ్గర మాత్రం పొరపాటు పడదనీ వాళ్ళ నమ్మకం. ఆమె దండెం మీద బొంతలు ఉంటే గొర్రెలు మేతకు వెళతాయి, దండెం ఖాళీగా ఉంటే ఏ దొడ్డి తలుపూ తెరుచుకోదు. ఈ సంగతి ఆమెకొక్కదానికే తెలియదు.

ఆ రోజు పెద్ద మంచు తుఫాను రాబోతోందని రేడియోలో పదే పదే చెప్పి, ఇంటికి పరుగున వచ్చింది. ఆకాశం ఇంకా నీలంగానే ఉంది. వీధిలో దొడ్లన్నీ ఖాళీ.

"గొర్రెలేవే?" అని పక్కింటి కులైపాను కేకేసింది. "పొద్దుట్నుంచీ మొత్తుకుంటున్నాను కదే! చెవుల్లో దూది పెట్టుకున్నారా?"

"రేడియో ఎవరు వింటారక్కా? నీ దండెం చూశాం. ఇవాళ మంద తోలే వంతు మీ ఆయనదే కదా. ఆయన కూడా బొంతలు చూసే మందను కొండ కనుమ దాటించాడు."

బురుల్చా వెనక్కి తిరిగింది. తను ఇంట్లో లేనప్పుడు కొత్త కోడలు ఎండకు వేసిన ఎర్ర బొంతలు దండెం నిండా ఉన్నాయి. ఒక్కో బొంతనూ లాగి కింద పడేసింది. అది చూడగానే వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి, ఆడవాళ్ళు పిల్లల్ని పేరుపేరునా పిలుస్తూ పరుగులు పెట్టారు.

కనుమకు అవతల ఉన్న మనిషికి మాత్రం ఆ దండెం కనిపించదు.