ఆకుముక్కల టీచర్

2014 జూలై 4, శుక్రవారం. పొద్దున కాలేజీకి పోదామని ఎల్లారెడ్డి బస్టాండులో దిగేసరికి ఎదురుగా కొత్త ఫ్లెక్సీ కనిపించింది. దాంట్లో మా ఊరి ఒకటో తరగతి టీచర్ ఫొటో, చుట్టూ పూలదండ బొమ్మ. టీచర్ చనిపోయారని నాకు తెలిసింది అట్లా. ఆమె జబ్బుపడి కామారెడ్డి ఆసుపత్రిలో ఉన్నారని విన్నాను. వానాకాలం ముదిరేలోగా బడికి వస్తారనే అనుకున్నాం.

ఫ్లెక్సీలో టీచర్ ఫొటో అరచేయంత ఉంది. పక్కన ఒక ప్రైవేటు బడి యజమాని మనిషంత ఎత్తున చేతులు జోడించి నిలబడ్డాడు. కళ్లద్దాలు, మెడలో కండువా, పెదవుల మీద ఆపుకోలేని నవ్వు. ‘ఆటపాటలతో అక్షరాలు నేర్పిన తల్లికి అశ్రునివాళి’ అని రాయించాడు. దాని కింద ఇంకా పెద్ద ఎర్ర అక్షరాల్లో, తమ బడిలో ప్లే వే పద్ధతిలో చదువు చెప్తారనీ, ఒకటో తరగతిలో అడ్మిషన్లు జరుగుతున్నాయనీ ఉంది.

ఈ మధ్యే మా తెలుగు సారు రసాల గురించి చెప్తూ జుగుప్స అనే మాట చెప్పారు. కొత్త మాట దొరికితే రోజంతా నోట్లో వేసుకొని తిరగడం నాకు ఈ యేడే అలవాటైంది. ఈ మాటను మాత్రం ఎక్కడ వాడాలో తోచక పక్కన పెట్టాను. ఆ ఫ్లెక్సీ కింద నిలబడి ఆ నవ్వునూ ఆ ఎర్ర అక్షరాలనూ మళ్లీ చూశాను. సారు చెప్పిన మాట ఇక్కడిదే కాబోలు అనుకున్నాను. నోటికొచ్చింది మాత్రం చిన్న మాట. ఛీ.

టీచర్ తరగతిలో ఆ మాట అననిచ్చేవారు కాదు. ఒక పిల్లకు ముక్కు కారితే పక్కపిల్ల ఛీ అని జరిగేది. టీచర్ తన చీర కొంగుతో ఆ ముక్కు తుడిచి, “ఛీ అనాల్నంటే పెద్దోళ్లను చూసి అనుండ్రి. పిల్లల్ని చూసి గాదు” అనేవారు. ఆ మాట ఎందుకన్నారో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆమె నాకు పాఠం చెప్పలేదు. 2009 జూన్‌లో ఆమె మా ఊరికి వచ్చేసరికి నేను ఆరో తరగతి. మా తమ్ముడు అప్పుడే ఒకటిలో చేరాడు. మా గది కిటికీలోంచి వాళ్ల వరండా కనిపించేది. లెక్కల సారు బోర్డు వైపు తిరగగానే నా కళ్లు అటే పోయేవి.

బడి తెరిచిన మొదటి నెలల్లో ఆమె పలక ముట్టనిచ్చేవారు కాదు. పొద్దున్నే బోరింగు దగ్గర పిల్లలను వరుసగా నిలబెట్టి చేతులు సబ్బుతో కడిగించేవారు. ఎవరి చేతులకు ఎక్కువ నురగ వస్తే వాళ్లు గెలిచినట్టు. మా ఇండ్లల్లో ఆడవాళ్లందరూ బీడీలు చుడతారు. పిల్లలు తంబాకు పక్కనే పడుకొని తంబాకు పక్కనే లేస్తారు. ఆ వాసన మాకు తెలియదు గానీ ఎల్లారెడ్డి నుంచి ఆటోలో వచ్చే ఆమెకు తెలిసేది. పిల్లల అరచేతులు ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకొని చూసి, కళ్లు మూసుకొని, “సబ్బు గెలిచింది” అని తీర్పు చెప్పేవారు.

తర్వాత ఆట. తునికాకును బీడీకి సరిపడా కత్తిరించగా మిగిలిన ముక్కలను మేం పొయ్యిలో వేస్తాం. ఆమె వాటిని తెమ్మన్నారు. పొడుగు ముక్కలు ఒక కుప్ప, పొట్టివి ఒక కుప్ప. పదేసి లెక్కపెట్టి దారంతో కట్ట కట్టాలి. ఆ కట్టలే పైసలనుకొని వరండాలో అంగడి పెట్టి, చింతగింజలను చిక్కుడుకాయలని, రాళ్లను ఆలుగడ్డలని అమ్ముకోవాలి. వంకర ముక్కలను పారేయనిచ్చేవారు కాదు. నేల మీద పేర్చితే అవి ‘ర’ అయ్యేవి, ‘ట’ అయ్యేవి. పిల్లలకు అక్షరం నేర్చుకుంటున్న సంగతే తెలిసేది కాదు.

ఆ గుంపులో మా తమ్ముడు ఒక్కడే నోరు విప్పేవాడు కాదు. ఇంట్లో కప్పు ఎగిరేటట్టు అరిచేవాడు, బడిలో మూగవాడు. పేరు పిలిస్తే చెయ్యి ఎత్తేవాడు, అంతే. రెండు దెబ్బలు వేస్తే వాడే పలుకుతాడని ఒక సారు సలహా ఇచ్చారు. టీచర్ ఒప్పుకోలేదు. “మాటను పిలిస్తె రాదు సార్. ఆట ఉన్నకాడికి అదే వస్తది” అన్నారు.

ఆకు, దారం, కట్ట. ఈ మూడూ ఒక్కచోట చూస్తే మా దిక్కు ఎవరికైనా ఒకటే తోస్తుంది. ఫ్లెక్సీలో చేతులు జోడించిన పెద్దమనిషి అప్పట్లో తన బడి వ్యాను వేసుకొని పిల్లల కోసం ఊరూరా తిరిగేవాడు. మా బడి గోడ మీదుగా తొంగిచూసి, సర్కారు బడిలో పిల్లలతో బీడీలు చుట్టిస్తున్నారని ఇంటింటికీ చెప్పాడు. మధ్యాహ్నానికల్లా తల్లులందరూ బడి మీదికి వచ్చారు. అందరికంటే ముందు మా అమ్మ. ఆకు కోసే కత్తెర కింద పెట్టడం కూడా మరిచిపోయి వచ్చింది.

“మేము నడుములు పోంగ చుట్టేది ఎందుకు, మా పిల్లలు చుట్టొద్దనే గదా! బడిల గూడ గదే నేర్పుతరా?” అంది.

టీచర్ వాదించలేదు. తమ్ముడి పక్కన చాప మీద చోటు చూపించారు. “కూసో అక్కా. ఒక్క ఆట ఆడినంక తిట్టు.”

ఏం తోచిందో, అమ్మ కూర్చుంది. ముక్కలు గుప్పెడు తీసుకుంది, లెక్కపెట్టకుండానే దారం చుట్టబోయింది. ఏండ్ల తరబడి కట్టలు కట్టిన చెయ్యి, దానికి లెక్క ఎందుకు? తమ్ముడు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

“గట్ల గాదమ్మా. లెక్కవెట్టినంకనే కట్టాలె.”

బడిలో వాడి మొదటి మాట అది. పిల్లలందరూ వాడి వైపు తిరిగారు. టీచర్ మాత్రం వాడు రోజూ మాట్లాడేవాడే అన్నట్టు, తల కూడా ఎత్తకుండా దారపుండ అందించారు. అమ్మ లెక్కపెట్టింది. ఒకటి తక్కువ. వెనక నుంచి ఒకామె, “ఏందే, కండ్లు మూసుకోని కడతనంటివి?” అంది. అందరూ నవ్వారు. అమ్మ కత్తెర కొంగులో దాచుకొని, మిగతా కట్టలు కూడా కట్టి గానీ లేవలేదు.

అయినా ఆ యేడు కొందరు పిల్లలు వ్యాను ఎక్కారు. ‘ఆకుముక్కల టీచర్’ అని ఆమెకు పేరు పెట్టింది కూడా ఆ పెద్దమనిషే. టీచర్ ఆ పేరు విని, “మంచిగనే ఉంది” అన్నారు. అదే నోరు ఇప్పుడు తల్లి అంటోంది. ఒకప్పుడు గోడ మీదుగా ఉమ్మేసిన దాన్ని ఇప్పుడు తన పళ్లెంలో పెట్టుకొని అమ్ముకుంటోంది.

సాయంత్రం ఊరికి వచ్చి నేరుగా బడికి పోయాను. రేపు పదకొండింటికి ఒకటో తరగతి గదిలోనే సంతాపసభ అట. ముఖ్య అతిథి ఆ ఫ్లెక్సీ పెద్దమనిషే. కుర్చీల కోసం గది ఖాళీ చేశారు. టీచర్ ఆటవస్తువుల సంచి మధ్యాహ్న భోజనం గిన్నెలు కడిగే మురుగులో పడి ఉంది. పాచిపోయిన అన్నం, పప్పునీళ్లు, పైన ఈగలు. కుర్చీలు మోస్తున్న మనిషి, “చెత్తనే గదా బిడ్డా, రేపు మీటింగు అయినంక తగలవెడతం” అన్నాడు. ఒకటో తరగతి పిల్లలను ఏం చేశారని అడిగాను. ఆమె సెలవు పెట్టినప్పటి నుంచి పలకల మీద అ ఆలు దిద్దుతున్నారట. రేపు సభలో అల్లరి చేయకుండా బయట కూర్చోబెడతారట.

బడి వదిలినా ఇంకా అక్కడే ఉన్న తమ్ముడూ, నేనూ సంచి చెరో కొస పట్టుకొని ఇంటికి తెచ్చాం. దారి పొడుగునా అది మా కాళ్ల మీద మురుగు కార్చింది. తమ్ముడు ముక్కు మూసుకోలేదు. నేనూ మూసుకోలేదు. ఈ రోజు నేను చూసిన వాటిలో మురికిది ఆ సంచి కాదు.

చింతగింజలు, రాళ్లు సబ్బుతో కడిగాం. వాకిట్లో ఆరబోశాం. ఆకుముక్కలు మాత్రం కుళ్లి వేళ్లకు అంటుకున్నాయి. అమ్మ చూసింది. చాట ఒళ్లో పెట్టుకొని, తడి గోనెలో చుట్టిన రేపటి బీడీల ఆకు విప్పింది. అమ్మ ఎప్పుడూ ఆకు పాడుచేసే మనిషి కాదు. ఇప్పుడు మంచి ఆకులనే కత్తిరిస్తోంది, పొడుగు ఒకటి, పొట్టి ఒకటి, ఒక వంకర ముక్క. తమ్ముడు పక్కన కూర్చొని, “ఇంకా వంకరవి గావాలె” అంటున్నాడు.

రేపు పొద్దున మైకు కట్టకముందే ముగ్గురం బడికి పోతాం. ముందు బోరింగు దగ్గర ఒకటో తరగతి పిల్లలతో చేతులు కడిగిస్తాం. తర్వాత వరండాలో చాప పరుస్తాం.