ఆయ్ అంటే అవును కాదు

మధ్యాహ్నం రెండున్నరకు సత్యవతిగారు మాకు మజ్జిగ ఇచ్చారు. కాట్రేనికోన దగ్గర, వారి పెంకుటింటి వసారాలో కూర్చున్నాం. నా ఉద్యోగంలో అది చివరి వేసవి. అమలాపురంలో ఒక ఇంజనీరింగ్ కళాశాలలో సుస్థిర భవన నిర్మాణం, పునరుత్పాదక ఇంధనం అనే ఎం.టెక్. కోర్సుకు ప్రొఫెసర్‌ని. నా దగ్గర థీసిస్ చేస్తున్న దివ్యది అనంతపురం, నాది కర్నూలు. ఆ ఇల్లు నా భార్య కామేశ్వరి పిన్నిగారిది కాబట్టి ఆమె కూడా మాతో వచ్చింది.

దివ్య థీసిస్ ఉష్ణ సౌఖ్యం మీద. ఏసీ లేకుండా ఏ ఇంట్లో మనిషి ఎంత సుఖంగా ఉంటాడో తేలితేనే, ఆ ఇంటికి ఎంత కరెంటు కావాలో, కప్పు మీద ఎన్ని సోలార్ పలకలు చాలునో లెక్క కట్టగలం. గదిలో వేడి, తేమ, గాలి వేగం పరికరాలతో కొలవాలి. అదే సమయంలో ఇంట్లోవాళ్లకు ఎలా ఉందో అడిగి రాసుకోవాలి. రెంటికీ పొంతన కుదరాలి. దివ్యకు కుదరలేదు. ఆమె సర్వే ప్రకారం ఊళ్లో అందరికీ వేడిగానూ ఉంది, చల్లగానూ ఉంది, హాయిగానూ ఉంది. వానలు మొదలైతే ఎండ కొలతలకు మళ్లీ వచ్చే వేసవే దిక్కు. ఆ పిల్లకు ఏడాది పోతుంది. తప్పు ఎక్కడుందో చూద్దామని నేను వెంట వెళ్లాను.

"ఇప్పుడు వేడిగా ఉందాండీ?" అని అడిగింది దివ్య.

"ఆయ్," అన్నారు సత్యవతిగారు.

"గాలి వస్తోందాండీ?"

"ఆయ్."

"అయితే హాయిగానే ఉందాండీ?"

"ఆయ్. మజ్జిగ తాగమ్మా, వేడెక్కిపోద్ది."

దివ్య మూడు చోట్లా టిక్కు పెట్టింది. కామేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పిన్నీ, మీ అల్లుడుగారు రోజూ వంట చేస్తారు," అంది.

"ఆయ్."

"చెయ్యరు పిన్నీ, అబద్ధం."

"ఆయ్, ఆయన్ని చూస్తే తెలవట్లేదేంటే?"

దివ్య పెన్ను ఆగిపోయింది. కోనసీమలో ఆయ్ అంటే ఒప్పుకోవడం కాదని, వింటున్నాను, కానివ్వండి అని మాత్రమేనని కామేశ్వరి వివరించింది. పెళ్లయి ఇన్నేళ్లయినా అది అవుననే నేనూ అనుకున్నాను. నాతో అన్నవి కూడా ఇలాంటివేనా అని అడిగాను.

"ఆయ్," అంది.

ఈ వేళప్పుడు మంచం ఎక్కడ వేసుకుంటారో అడగమని ఆమే సలహా ఇచ్చింది. పక్కనున్న కొత్త స్లాబు గదిలోనా అని దివ్య అడిగింది.

"అందులోనా? అందులో అప్పడాలెండుతాయి గానీ మనుషులుండరు తల్లీ. చుట్టాలొస్తే తలుపు తీసి చూపిస్తాం, అంతే. ఇదిగో, ఈ గుమ్మానికి ఎదురుగా వేసుకుంటాను. పొద్దు వాలాక ఎండ ఇటు తిరుగుద్ది, అప్పుడు పెరటి అరుగు మీదకి పోతాను."

ఆ మాటకు పరికరం అంకెలు సరిగ్గా సరిపోయాయి. దివ్య ఊరంతా మంచాల వెంట తిరిగి, తొలకరి పడేలోపు సర్వే పూర్తి చేసింది.

థీసిస్ మీద మౌఖిక పరీక్షకు బయటి విశ్వవిద్యాలయం నుంచి ఒక పరీక్షకుడు వస్తారు. ఆ వచ్చినాయన దివ్య చెప్పిన ప్రతి మాటకూ ఆయ్ అన్నారు. ఆయనదీ కోనసీమే, రాజోలట. దివ్య తెల్లబోయిన ముఖంతో బయటికొచ్చి, "ఒప్పుకున్నట్టా సార్, విన్నట్టా?" అంది. నాకూ తెలియలేదు. కామేశ్వరికి ఫోన్ చేశాను.

"చివర్లో ఏవన్నారండీ?"

ఆ పరీక్షకుడు తమ అమ్మగారు మంచం ఎక్కడ వేసుకుంటారో ఇంటికెళ్లి కనుక్కుంటానన్నారని చెప్పాను.

"అయితే ప్యాసే. స్వీట్లు తెండి."

కాసేపటికి ఆయన సంతకం చేసిన కాగితం చేతికొచ్చింది.

కొలిచే పరికరాన్ని వాడేముందు సరిచూసుకుంటాం. అడిగే ప్రశ్ననూ, వచ్చే జవాబునూ ఆ ఊరి మాటతో అలాగే సరిచూసుకోవాలి. మా విభాగం సర్వేల్లో ఆయ్‌తో సరిపోయే ప్రశ్నలు ఇప్పుడు అడగడం లేదు. కామేశ్వరి పోయాక మా ఇంట్లో ఎవరూ ఆయ్ అనడం లేదు.