తడి వేలు

కరీంనగర్‌లో ఆపరేటర్ ఉద్యోగానికి కంప్యూటర్ పరీక్ష. అరగంటలో ఒక పట్టిక తయారుచేసి పంపాలి. నా ముందు ల్యాప్‌టాప్ పెట్టారు, మౌస్ లేదు. నేను నేర్చుకున్నదంతా మౌస్ మీదే. అడిగితే, హాల్లో తిరుగుతున్న సారు, "కింద పలక ఉన్నది గదా, దాని మీద ఏలు పెట్టి జరుపు" అన్నాడు. ఒళ్లు మండింది. పలక మీద వేలు పెట్టాను.

ఈ ఉద్యోగం రాకపోతే నాకు మరమగ్గాల షెడ్డే గతి. అక్కడ మగ్గాలు నడిపే మా బాపుకు చూపు తగ్గింది. తెగిన పోగు సరిగ్గా కనబడక సగం పని నేనే చూస్తున్నాను. "నీ బిడ్డనే పంపు ఇగ" అని షెడ్డు సేటు రెండుసార్లు అన్నాడు. బాపు విననట్టే మగ్గం వైపు తిరిగాడు.

మొదట తెర మీద బాణం బాగానే కదిలింది. గడుల దగ్గరకు వచ్చేసరికి మొరాయించింది. వేలు నాలుకకు తగిలించి మళ్లీ పలక మీద రుద్దాను. బాణం ఎటో ఎగిరింది. ఇంకాస్త తడి చేశాను. ఒక వరుస మొత్తం పోయింది. పదకొండు నిమిషాలే మిగిలాయి.

సారు నా పక్కన ఆగాడు. "ఏందమ్మా, ఏలు నాకుతున్నవ్? తడి ఉంటే అది నడవది."

అప్పుడు తెలిసింది నేను చేస్తున్నదేమిటో. పోగు తెగితే వేలు తడి చేసి, కొసలు మెలిపెట్టి ముడెయ్యాలని చిన్నప్పుడు బాపు నేర్పాడు. ఏది మాట వినకపోయినా నా వేలు నోటికే పోతుంది. చున్నీతో తుడుచుకున్నాను. వేలు మళ్లీ నోటికి లేవబోతే ఎడమచేత్తో పట్టి ఆపాను. పట్టిక పంపేసరికి అర నిమిషం కూడా మిగల్లేదు.

గేటు దగ్గర బాపు నిలబడి ఉన్నాడు. "ఎట్లైంది బిడ్డా?"

"నీ పోగులే నా కొంప ముంచినయ్" అని కోపంగా అంతా చెప్పాను.

ఆయన తన వేలు చూసుకున్నాడు. "నేను నేర్పిందే నీకు అడ్డమొచ్చిందా?"

కాదు అనాల్సింది. అనలేదు.

ఆ తర్వాత నేను షెడ్డులో ఉంటే, వేలు తడి చేసేది కనబడకుండా నాకు వీపు తిప్పి పోగు అతికేవాడు. చూసి సిగ్గుపడ్డాను.

ఫలితం వచ్చిన పొద్దున షెడ్డుకు పరుగెత్తి, ఆ మోతలో ఆయన చెవి దగ్గర చెప్పాను. "నౌకరి వచ్చింది బాపు."

మగ్గం ఆపాడు. నా వేలు పట్టుకుని చున్నీ కొసతో తుడిచాడు. "ఇగ దీన్ని పొడిగ ఉంచుకో."

మగ్గం మీద ఒక పోగు తెగి ఉంది. ఆయనకు కనబడలేదు. నేను వేలు తడి చేసుకుని ముడివేశాను.