బెల్టుకు కట్టిన రెక్కలు

నా చిన్నప్పుడు ఆళ్లగడ్డలో మా వీధి పిల్లలందరిలో నిటారుగా నడిచేది నేనొక్కదాన్నే, అదీ బలవంతంగా. నా వెన్ను ఒక పక్కకు వంగుతోందని, దాన్ని పార్శ్వగూని అంటారని కర్నూలు డాక్టరు చెప్పాడు. తోలూ ఇనుప పట్టీలూ కలిపిన బెల్టొకటి నడుము నుంచి మెడ దాకా బిగించారు. ఎదుగుదల ఆగేదాకా తీయకూడదు, తీస్తే వంకర ముదురుతుందన్నాడు. ఎండాకాలం ఆ తోలు కింద ఒళ్లంతా చెమటపొక్కులు. అదైనా భరించాను గానీ, చూసినవాళ్లంతా అయ్యో పాపం అనడం మాత్రం నా వల్ల కాలేదు.

ఆ ఏడు మా ప్రార్థన మందిరంలో వేసే క్రిస్మస్ నాటకంలో నాకు దేవదూత వేషమిచ్చారు. ఇనుము కట్టుకున్న దేవదూత ఎక్కడైనా ఉంటుందా అని బెల్టు విప్పి జొన్న మూటల వెనక్కి తోసేశాను. నాటకం అయిపోయినా ఇక కట్టుకోనని తెగేసి చెప్పాను. నాయన కసిరాడు. అమ్మ బతిమాలి, బతిమాలి, చివరికి ఏడ్చింది. నేను కదిలితే కదా!

రెక్కలు కట్టే పని పక్కింటి అక్కది. రుద్రవరం బడిలో టీచరు. వెదురు బద్దలకు గంజి పెట్టిన తెల్లగుడ్డ చుట్టి అందరికీ తయారుచేస్తోంది. ఒక సాయంత్రం మా గడపలో కూర్చుని, నా మొహమైనా చూడకుండా అడిగింది.

"ఏమ్మే, నీ బెల్టు యాడ పెట్టినావ్? రెక్కలు నిలబడల్లంటే ఇనుము కావల్ల. ఈడ ఇంకెవురి దగ్గరా లేదు."

అంతవరకు ఆ బెల్టు కావాలని నన్ను అడిగినవాళ్లు లేరు. నేనే పోయి తెచ్చాను. దాని పట్టీలకే రెక్కలు కట్టాలట, అందుకని తొడుక్కుని నిలబడక తప్పలేదు.

పండుగనాడు పాట సగంలో ఉండగానే మిగతా దూతల రెక్కలు వానకు తడిసిన కోడి రెక్కల్లా వాలిపోయాయి. నావి మాత్రం చెక్కుచెదరలేదు. మందిరంలో ఆడవాళ్లంతా నన్నే చూశారు, ఒక్కరూ అయ్యో అనలేదు. నాకెంత గర్వమో చెప్పలేను. ఇంటికొచ్చాక రెక్కలు విప్పబోయిన అమ్మతో, బెల్టు మాత్రం విప్పనని నేనే పేచీ పెట్టుకున్నాను. మళ్లీ ఎప్పుడూ దాచలేదు. కొంచెం వంకర ఇప్పటికీ ఉంది గానీ, ముదరలేదు.

అక్క ముసలిదయ్యాక నంద్యాలలో కూతురింట ఉంటే చూడబోయాను. ఆ నాటకం మాటెత్తగానే పకపకా నవ్వింది.

"తక్కినోళ్ల రెక్కలకు నడిమి బద్ద నేనే పీకేసినా" అంది.

ఆ పిల్లలూ ఇప్పుడు అవ్వలయ్యారు. వాళ్లకు నేనింకా చెప్పలేదు.

నాకూ మనవరాళ్లున్నారు. వాళ్లలో ఎవరైనా తన ఒంటినో రంగునో తిట్టుకుంటూ ఓ మూల కూర్చుంటే నేను ఓదార్చను. పక్కన చేరి సాయం అడుగుతాను. అది నాకు చేతనైన పనే అయినా, చేతకావడం లేదు రమ్మంటాను.