సైకిళ్ల వెనక వ్యాను

తిరుమల్‌ది మెట్‌పల్లి దగ్గరి పల్లె. వాళ్ల నాయన ఎద్దులనూ పిల్లలనూ ఒకే ముల్లుగర్రతో కొట్టేవాడు. దున్నడం అయిపోతే ఎద్దులకైనా విడుపు దొరికేది, పిల్లలకు అదీ లేదు. పెద్దయ్యాక తిరుమల్ లారీ నడపడం నేర్చుకున్నాడు, సుమలతను పెళ్లి చేసుకున్నాడు, తొంభై మూడులో ఖతర్‌లో పనికి దోహా విమానం ఎక్కాడు. ఊరంతా దుబాయ్ పోయిండని చెప్పుకుంది. నాయన చేతులు తనకు రాకూడదన్నదే అతని భయం. అందుకే కూలీలుండే క్యాంపులో ఎవరు గొడవకు దిగినా చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని అవతలికి నడిచేవాడు.

కంపెనీ అతన్ని బెర్త్రాన్ అనే ఫ్రెంచి ఇంజినీరుకు డ్రైవరుగా వేసింది. సార్ దోహాలోనే మదీనత్ ఖలీఫా అనే పేటలో ఒక విల్లాలో ఒక్కడే ఉండేవాడు. పొడుగాటి మనిషి, యాభైకి దగ్గరపడ్డవాడు. వంట హైదరాబాదు నుంచి వచ్చిన తహెరున్నీసా చేసేది. సార్‌కు సైకిలంటే ప్రాణం. చలికాలం శుక్రవారాల్లో తెల్లారకముందే బయలుదేరి ఊరవతల తోటలుండే ఉమ్ సలాల్ దాకా తొక్కేవాడు, తిరుమల్ వెనకాల కార్లో నీళ్లు పట్టుకుని వెళ్లేవాడు. ఈ దేశం రొట్టెలు కాల్చే పెనంలా ఉందని, సైకిలుకు కొండ లేకపోతే ఉప్పు లేని కూరేనని సార్ గొణిగేవాడు. వంటింటి గోడకు తన దేశపు మ్యాపు అంటించి, కొండల్లో తాను తొక్కిన దారులన్నీ ఎర్ర పెన్సిలుతో గీసిపెట్టాడు. గేర్ల సైకిలు ఎలా తొక్కాలో తిరుమల్‌కు పెరట్లో ఓపిగ్గా నేర్పించింది కూడా ఆయనే.

కానీ కోపం వస్తే మనిషి మారిపోయేవాడు. సైటులో ఒకసారి ఒక కార్పెంటరును హెల్మెట్‌తో ముఖం మీద కొట్టి, మర్నాడు వాడికి కొత్త చొక్కా కొనిచ్చాడు. ఈయన కోపం పాలపొంగు కాదు, నూనె మంట, నీళ్లు చల్లితే ఇంకా లేస్తుంది, దూరంగా ఉండమని తహెరున్నీసా ముందే చెప్పింది.

తొంభై అయిదు ఎండాకాలంలో సార్ అతన్ని ఫ్రాన్సు తీసుకెళ్లాడు. సారూ, ఆయన తమ్ముడు పాస్కలూ, ఇద్దరు స్నేహితులూ కొండల్లో ఊరూరూ సైకిళ్ల మీద తిరుగుతారు, సామాన్ల వ్యాను తిరుమల్ నడపాలి. తిరుమల్ ఎరిగిన గుట్టలు బండరాళ్లు, తుమ్మచెట్లు. ఇవి మాత్రం వరిమడిని తీసి నిలబెట్టినట్టు పచ్చగా ఉన్నాయి. దారి పాములా మెలికలు తిరిగి కనుమ మీదికెక్కి, అవతల ఇంకో లోయలోకి దిగేది. లోయకో ఊరు, ఊరికో చర్చి గంట, నడిబొడ్డున నీళ్ల తొట్టి. పాస్కల్ రోజుకొకసారైనా తన సైకిలు అతనికిచ్చి వ్యాను తాను నడిపేవాడు. తిరుమల్ రొప్పుతూ ఎక్కుతుంటే కిటికీలోంచి చెయ్యూపుతూ హుషారు చేసేవాడు. పైకెక్కి వెనక్కి చూసినప్పుడు, ఇంత దూరం నా కాళ్లతోనే వచ్చిన్నా అని అతనికి నవ్వొచ్చేది.

ఒకరోజు వానలో ఒక కనుమ దిగుతున్నారు. పాస్కల్ అందరికంటే ముందున్నాడు. మలుపులో తడిసిన ఆకుల మీద చక్రం జారి, సైకిలుతో సహా రాతిగోడకు కొట్టుకున్నాడు. తిరుమల్ వ్యాను ఆపి పరిగెత్తేసరికి పాస్కల్ దవడ పక్కకు వేలాడుతోంది, నోట్లోంచి రక్తంతో పాటు పళ్లు రాలుతున్నాయి. తలకాయ ఒళ్లో పెట్టుకుని తన చొక్కా విప్పి అదిమిపట్టాడు. వ్యానులో వేసుకుని కింది ఊరికి దించారు. ఆంబులెన్సు వచ్చి పాస్కల్‌ను, స్నేహితులను ఎక్కించుకుని పోయింది.

ఆంబులెన్సు మలుపు తిరగగానే సార్ సైకిలుకున్న గాలి పంపు పెరికి తిరుమల్ ముఖం మీద కొట్టాడు. వ్యాను మీదమీదికి తెచ్చి హారన్ కొట్టావు, దానికే వాడు బెదిరాడు అని అరిచాడు. తిరుమల్ హారన్ ముట్టుకోలేదు. ఆ మాట చెప్పబోతుంటే రెండో దెబ్బకు కనుబొమ్మ చిట్లింది. మూడో దెబ్బకు నీళ్ల తొట్టి పక్కన మోకాళ్ల మీద పడ్డాడు. బూటుకాలు డొక్కలో దిగింది. ఊరి జనం వాకిళ్లలో నిలబడి చూస్తున్నారు. తిరుమల్ చేతులు జేబుల్లోనే ఉన్నాయి.

రొట్టెల దుకాణంలోంచి ఒక ముసలమ్మ బయటికొచ్చింది. రొట్టెలు పొయ్యిలోకి తోసే పొడుగాటి చెక్క తెడ్డు ఆమె చేతిలో ఉంది. దాన్ని తిప్పి సార్ వీపు మీద ఒక్కటేసింది. ఆయన తిరిగేలోపల భుజం మీద ఇంకోటి. అంత మనిషీ గోడకు జారబడి ఏడవడం మొదలుపెట్టాడు. ముసలమ్మ ఆయన వంక చూడనైనా చూడకుండా తిరుమల్‌ను చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోయి, పిండి అంటిన చేతులతోనే రక్తం కడిగింది. భాష రాకపోయినా తిరుమల్ ఆమెకు మొక్కాడు.

ఆసుపత్రిలో రాయగలిగే స్థితి రాగానే పాస్కల్ నిజం రాసి చూపించాడు: ఎవరూ హారన్ కొట్టలేదు, తానే జారాడు. తిరుమల్ కనుబొమ్మ కుట్లు ఎక్కడివని అడిగి తెలుసుకుని, అన్నను గదిలోంచి బయటికి పొమ్మని చెయ్యి చూపించాడు. ఆ తర్వాత తమ్ముడు ఆయనతో మాట్లాడలేదు.

దోహాకు తిరిగొచ్చాక సార్ క్షమించమనీ అనలేదు, చొక్కా కొనివ్వనూ లేదు. తమ్ముడికి ఫోను చేసేవాడు, అవతల పెట్టేసేవారు. ఆ కోపమంతా ఇంట్లో గిన్నెల మీద, కారు తలుపుల మీద పడేది. చలికాలం మొదట్లో ఒక శుక్రవారం, సార్ సైకిలు తొక్కి ఇంటికి రాగానే తిరుమల్ తల వంచుకుని అడిగాడు. సార్ దగ్గరున్న తన పాస్‌పోర్టు ఇమ్మన్నాడు, పని మారడానికి కంపెనీతో రిలీజ్ కాగితం ఇప్పిస్తే వేరేచోట పని చూసుకుంటానన్నాడు.

సార్ మొహం తెల్లబడింది. నువ్వూ పోతావా అన్నాడు. నా తమ్ముణ్ని నాకు కాకుండా చేసింది నువ్వేనంటూ మళ్లీ ఆ పంపే ఎత్తాడు.

ఈసారి తిరుమల్ చేతులు జేబుల్లో లేవు. పంపును గాల్లోనే పట్టుకుని గుంజుకున్నాడు. మొదటి దెబ్బకు సార్ ముంజేతి ఎముక పుటుక్కున విరిగిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు తిరుమల్‌కు ఎంతో హాయిగా ఉంది. ఆయన కింద పడ్డాక కూడా వీపు మీద, తొడల మీద కొట్టాడు. పంపు వంగిపోతే కాలితో తన్నాడు. తహెరున్నీసా వచ్చి అడ్డంగా నిలబడేదాకా ఆగలేదు.

"బస్, తిరుమల్. మర్ జాయెగా," అంది మెల్లగా, ఇక చాలు, చచ్చిపోతాడని.

సార్ నోరు తెరుచుకుని, గుమ్మం దగ్గర గిలగిల్లాడుతున్నాడు. ఆయన్ను చూస్తే తిరుమల్‌కు తన నాయన చేతికింద పడ్డ తానే కనిపించాడు. ఎటు పోవాలో తెలియక గోడకు ఆనించిన సార్ సైకిలెక్కి ఉమ్ సలాల్ వైపు తొక్కాడు. అక్కడ ఒక తోటలో అతని పెద్దనాయన కొడుకు పోశన్న పని చేస్తున్నాడు. ఎదురుగాలి ఇసుక ఎత్తిపోస్తోంది. వెనక ఏ బండి చప్పుడైనా పోలీసేననిపించేది.

పోశన్న చొక్కా మీది రక్తం చూసి, నీదా అనడిగాడు. కాదన్నాడు తిరుమల్. జరిగింది చెప్పాడు, ఆ హాయి సంగతితో సహా. పోశన్న ఇంకో ఖర్జూరపు మట్ట కొట్టి కింద పడేశాడు.

"కొట్టినందుకు నేనేమనను తమ్మీ," అన్నాడు. "కానీ ఆ హాయి ఉన్నది సూడు, అది మీ నాయనకు గూడ ఉండె."

రెండ్రోజులకు తహెరున్నీసా కబురు పంపింది. సార్ ఆసుపత్రిలో సైకిలు మీంచి పడ్డానని చెప్పాడట, పోలీసులకూ అదే చెప్పాడట. డ్రైవరు చేతిలో తన్నులు తిన్నానని చెప్పుకోలేకనో, మరెందుకో ఆమెకూ తెలియదు. సైకిలు తెచ్చి పాస్‌పోర్టు తీసుకుపొమ్మన్నాడు.

తిరుమల్ వెళ్లాడు. సార్ వరండాలో చేతికి కట్టుతో కూర్చుని ఉన్నాడు. ముందు బాగున్న చేత్తో సైకిలు చక్రం తిప్పి, వంకర పోయిందేమో చూసుకున్నాడు. తర్వాత పాస్‌పోర్టు ఇచ్చి, రిలీజ్‌కు కంపెనీలో చెప్పానన్నాడు.

"సార్, ఆ రోజు నేను హారన్ కొట్టలే," అన్నాడు తిరుమల్.

"తెలుసు," అన్నాడు సార్. "కొట్టేటప్పుడు కూడా తెలుసు."

ఆ మాటకు తిరుమల్‌కు కోపం రావలసింది, కానీ వచ్చింది భయం, తన చెయ్యి కూడా ఒకరోజు అలా తెలిసే లేస్తుందేమోనని. ఆ ఏడాదే సార్ దోహా విడిచి వెళ్లాడని తర్వాత తెలిసింది.

పోశన్న యజమాని తిరుమల్‌ను నీళ్ల ట్యాంకరుకు పెట్టుకున్నాడు. కొన్నేళ్లు తోటలకు నీళ్లు పోస్తూ తిరిగాడు. తొంభై తొమ్మిదిలో ముజఫ్ఫర్ అలీ అనే కొత్త డ్రైవరు ట్యాంకరు వెనక్కి తీస్తూ, అప్పుడే తిరుమల్, పోశన్న తోటలో కట్టిన నీళ్ల పంపుగది గోడను కూల్చేశాడు. ఇటుకలు పోశన్న కాలి మీద పడ్డాయి. తిరుమల్ ముజఫ్ఫర్‌ను మెడ పట్టి తలుపులోంచి కిందికి లాగాడు. పిడికిలి పైకి లేచింది. ఆ మనిషి కళ్లు మూసుకున్నాడు.

పిడికిలి అలాగే కాసేపు ఉంది. తర్వాత తిరుమల్ అతన్ని వదిలి, ఇటుకలు తీసి, పోశన్నను ఆసుపత్రికి తీసుకుపోయాడు. కాలికి కట్టు వేస్తుంటే, పిడికిలెత్తంగ ఆ హాయి ఇయ్యాల గూడ వచ్చిందన్నా అని చెప్పాడు.

"వస్తది," అన్నాడు పోశన్న నొప్పికి పళ్లు బిగించి. "రానియ్యి, పోనియ్యి."

మర్నాడు పొద్దున ముజఫ్ఫర్ అలీ సిమెంటు కలిపాడు, తిరుమల్ ఇటుకలు అందించాడు. మధ్యాహ్నానికి గోడ నడుమెత్తు లేచింది.